పేరున్న స్కాలర్‌షిప్పులు, ఫెలోషిప్పులకు దరఖాస్తు: తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్స్, క్లారెండన్ (రెండూ ఆక్స్‌ఫర్డ్‌లో), గేట్స్ కేంబ్రిడ్జ్, చీవ్‌నింగ్ (బ్రిటన్ ప్రభుత్వానిది), ఫుల్‌బ్రైట్ (అమెరికా ప్రభుత్వానిది), నైట్-హెన్నెసీ (స్టాన్‌ఫర్డ్‌లో) లాంటి పెద్ద స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు పెట్టేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. నిబంధనలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి తేదీలు, పదాల పరిమితులు ఆ ఏడాది అధికారిక పేజీలోనే చూసుకోండి. దరఖాస్తు కట్టే పద్ధతి మాత్రం అంత తొందరగా మారదు.

మంచి మార్కులుంటే వచ్చేస్తుందా?

రాదు. మార్కులు గేటు దాటిస్తాయి. గేటు లోపల ఉన్నవాళ్లందరికీ దాదాపు అవే మార్కులుంటాయి. అక్కడి నుంచి మనిషిని మనిషి నుంచి వేరు చేసేవి వేరే ఉన్నాయి. గేట్స్ కేంబ్రిడ్జ్ ప్రమాణాలు నాలుగు: మేధాశక్తి, ఆ కోర్సే ఎందుకు ఎంచుకున్నారు, ఇతరుల జీవితాలు మెరుగుపరచాలన్న నిబద్ధత, నాయకత్వం. వీటిలో మార్కులు చూపగలిగేది మొదటిదాన్నే. అది కూడా పూర్తిగా కాదు. రోడ్స్ ప్రమాణాలకు మూలం సెసిల్ రోడ్స్ వీలునామా. ఆయన పోయింది 1902లో. చదువుతోపాటు సత్యం, ధైర్యం, బలహీనులకు అండగా నిలవడం వంటివి అందులో ఉన్నాయి. ఇప్పటికీ సెలెక్షన్ కమిటీలు ఆ చట్రంలోనే ఆలోచిస్తాయి.

ఒక సెమిస్టర్‌లో మార్కులు పడిపోయి ఉంటే మసిపూసి మారేడుకాయ చెయ్యొద్దు. ట్రాన్‌స్క్రిప్ట్ (అన్ని సెమిస్టర్ల మార్కుల జాబితా) వాళ్ల చేతిలోనే ఉంటుంది. కారణం ఒక్క వాక్యంలో, ఆ తరవాత ఎలా కోలుకున్నారో ఇంకో వాక్యంలో చెప్పి వదిలేయండి. అదనపు సమాచారం అనే గడి ఉంటే అక్కడ రాయండి. లేకపోతే ఆ మాట రెఫరీ, అంటే మీ గురించి సిఫారసు లెటర్ రాసే మనిషి, రాయడమే మేలు, మీ నోట విన్నదానికన్నా అది బాగా నమ్మకం కలిగిస్తుంది.

స్కాలర్‌షిప్, ఫెలోషిప్ వేరువేరా?

ఖర్చులిచ్చి డిగ్రీ చదివించేదాన్ని ఎక్కువగా స్కాలర్‌షిప్ అంటారు. పరిశోధనకో, ఒక ప్రత్యేకమైన పనికో ఇచ్చేదాన్ని, తోటి ఫెలోల బృందంలో చేర్చుకునేదాన్ని ఫెలోషిప్ అంటారు. పేరును పట్టుకుని వేలాడకండి. ఏం ఇస్తారు, బదులుగా ఏం అడుగుతారు అన్నదే చూడండి.

నాకు ఏది సరిపోతుందో ఎలా తెలుస్తుంది?

ముందు అర్హత పేజీ. పౌరసత్వం, వయసు, డిగ్రీ పూర్తయి ఎన్నేళ్లయింది, పని అనుభవం: ఈ నాలుగూ చూస్తే జాబితా సగానికి తగ్గిపోతుంది. చీవ్‌నింగ్‌కి 2,800 గంటల పని అనుభవం కావాలి. అంటే పూర్తికాలపు ఉద్యోగమైతే సుమారు రెండేళ్లు. ఇంటర్న్‌షిప్పులు, పార్ట్ టైమ్ ఉద్యోగాలు, స్వచ్ఛంద సేవ కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి నాకు రెండేళ్ల ఉద్యోగం లేదని వెనక్కి తగ్గేముందు వారానికి ఎన్ని గంటలు, ఎన్ని వారాలు అని గుణించి చూడండి. గేట్స్ కేంబ్రిడ్జ్ బ్రిటన్ పౌరులకు ఇవ్వరు. బ్రిటన్‌లో చదువుకు ఇచ్చే మార్షల్ అమెరికా పౌరులకే. ఇలాంటి చోట అర్హత లేకపోతే ఎంత గొప్ప వ్యాసం రాసినా చదివేవాళ్లే ఉండరు.

తరవాత, డబ్బు పెట్టేవాళ్ల ఉద్దేశం. ఇది చాలామంది దాటేసే మెట్టు. 1946లో మొదలైన ఫుల్‌బ్రైట్ దేశాల మధ్య పరస్పర అవగాహన కోసం పుట్టింది. కాబట్టి మీరు అక్కడి మనుషులతో ఎలా కలుస్తారు, తిరిగొచ్చి ఏం పంచుతారు అన్నది అక్కడ పెద్ద విషయం. చీవ్‌నింగ్ 1983 నుంచి బ్రిటన్ ప్రభుత్వం నడుపుతున్నది. రేపు తమ తమ దేశాల్లో నిర్ణయాలు తీసుకునే స్థాయికి వెళ్లేవాళ్లతో పరిచయం దాని పెట్టుబడి. అందుకే పరిచయాలు ఎలా పెంచుకుంటారో, వాడుకుంటారో చెప్పమని ఒక వ్యాసమే అడుగుతుంది. చదువయ్యాక స్వదేశంలో రెండేళ్లు ఉండాలన్న షరతూ అందుకే. కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పుల్లో అభివృద్ధికి మీ చదువు ఎలా పనికొస్తుందన్న భాగానికి బరువెక్కువ. ఒకే వ్యాసం పేరు మార్చి ఈ మూడింటికీ పంపితే మూడు చోట్లా అది పరాయి వ్యాసంలాగే కనిపిస్తుంది.

ఎన్నింటికి దరఖాస్తు చేయాలి?

మూడు, నాలుగు. అంతకు మించితే ప్రతిదీ అరకొరగా తయారవుతుంది. రెఫరీలకు కూడా విసుగొస్తుంది.

అడ్మిషన్, స్కాలర్‌షిప్ ఒకేసారి వస్తాయా?

ఒక్కోదానిది ఒక్కో దారి. ఇక్కడ పొరబడినవాళ్లు ఒక ఏడాది మొత్తం పోగొట్టుకుంటారు. ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్‌కి విడి దరఖాస్తే లేదు. డిసెంబరు లేదా జనవరిలో వచ్చే ఆ కోర్సు డెడ్‌లైన్ లోపల అడ్మిషన్‌కి పెట్టుకుంటే చాలు. గేట్స్ కేంబ్రిడ్జ్ దరఖాస్తు కేంబ్రిడ్జ్ అడ్మిషన్ ఫారంలోనే ఒక భాగం. కానీ దానికి విడిగా ఒక స్టేట్‌మెంట్, అడ్మిషన్ రెఫరెన్సులు కాక మరో రెఫరెన్సు కావాలి. పైగా అమెరికాలో ఉండే అమెరికా పౌరులకు అక్టోబరులోనే గడువు ముగుస్తుంది, మిగతావాళ్లకు తరవాత. స్టాన్‌ఫర్డ్ నైట్-హెన్నెసీకి రెండు దరఖాస్తులు: ఒకటి వాళ్లకు, ఒకటి మీరు చేరాలనుకునే డిపార్ట్‌మెంట్‌కు. రెండింటి తేదీలూ వేరు. చీవ్‌నింగ్‌లో మూడు కోర్సులు ఎంచుకోవాలి, ఆ యూనివర్సిటీలకు మీరే విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీసి స్కాలర్‌షిప్ గడువు, అడ్మిషన్ గడువు, రెఫరెన్సుల గడువు పక్కపక్కనే రాసుకోండి. అప్పటిదాకా కనిపించని ఇబ్బంది ఏదో ఒకటి బయటపడుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

గడువుకు ఆరు నెలల ముందు. మొదటి నెలంతా అర్హత, ప్రమాణాలు చదవడానికి, గత నాలుగైదేళ్లలో చేసిన పనులన్నీ ఒకచోట రాసుకోవడానికే సరిపోతుంది. రెండో నెలలో భాషా పరీక్ష. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి కాబట్టి త్వరగా రాయడంలో నష్టం లేదు, ఆలస్యంగా రాసి స్కోరు తగ్గితే మళ్లీ రాసే వ్యవధి ఉండదు. మూడో నెలలో వ్యాసాల మొదటి చిత్తుప్రతి. గడువుకు ఎనిమిది వారాల ముందు రెఫరీలను అడగాలి. ట్రాన్‌స్క్రిప్టులకూ అప్పుడే దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే మీ చేతిలో లేని పనులు ఈ రెండే. చివరి నెల దిద్దుబాట్లకు. చివరి వారం ఖాళీగా ఉంచుకోండి, అది దానంతటదే నిండుతుంది.

సెలెక్షన్ ప్రమాణాలను ఎలా వాడుకోవాలి?

ప్రతి ప్రమాణాన్నీ ఒక అడ్డు వరుసగా రాయండి. నిలువు వరుసలు: వ్యాసం, సీవీ, మొదటి రెఫరీ, రెండో రెఫరీ, మూడో రెఫరీ. ప్రతి గడిలో ఆ ప్రమాణానికి అక్కడ ఏ రుజువు ఉంటుందో రెండు మూడు మాటల్లో నింపండి. ఒక అడ్డు వరుస మొత్తం ఖాళీగా ఉంటే ఆ ప్రమాణానికి మీ దగ్గర రుజువే లేదన్నమాట. ఒకే సంఘటన నాలుగు గడుల్లో కనిపిస్తే దరఖాస్తంతా చర్విత చర్వణం అవుతుంది. చదివేవాళ్లు మీ ఫైలు మీద గడిపేది కొన్ని నిమిషాలే. ఆ కొద్దిసేపట్లో ప్రతి కాగితమూ కొత్త సంగతి ఒకటి చెప్పాలి, అన్నీ కలిపి ఒకే మనిషిని చూపాలి. ఈ పట్టికకు గంట పడుతుంది. వారాల కొద్దీ రాసిన వ్యాసంలో ఏది తీసేయాలో అదే చెబుతుంది.

పర్సనల్ స్టేట్‌మెంట్, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్: తేడా ఏమిటి?

మొదటిది మీరెవరో చెబుతుంది, రెండోది మీరేం చదువుతారో, ఎందుకో చెబుతుంది. మొదటిదాంట్లో ల్యాబ్ పరికరాల జాబితా, రెండోదాంట్లో చిన్ననాటి జ్ఞాపకాలు కనిపిస్తే రెండూ తారుమారయ్యాయని అర్థం.

వ్యాసంలో అసలు ఏం రాయాలి?

ముందు ఒక చిన్న ఉదాహరణ. చిత్తుప్రతుల్లో తరచూ కనిపించే మొదలు ఇలా ఉంటుంది:

“చిన్నప్పటి నుంచి నాకు నీటి సమస్యల మీద ఎంతో ఆసక్తి. సమాజానికి సేవ చేయాలన్నదే నా జీవిత లక్ష్యం.”

ఇందులో అబద్ధం లేదు, కానీ పట్టుకోవడానికి కొమ్మ కూడా లేదు. వందమంది దరఖాస్తుల్లో పెట్టినా ఇమిడిపోతుంది. అదే మనిషి ఇలా రాయొచ్చు:

“చివరి ఏడాది ప్రాజెక్టులో 14 బావుల నీళ్లు పరీక్షించాం. తొమ్మిదింట్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. ఫలితాలు చెప్పాక కూడా జనం ఆ తొమ్మిది బావుల నీళ్లే తాగారు, మిగతా ఐదూ దూరం కాబట్టి. నీటిని కొలవడం నాకు వచ్చు, చేరవేయడం రాదని అప్పుడు అర్థమైంది. నీటి సరఫరా ప్రణాళిక కోర్సుకు దరఖాస్తు చేస్తున్నది అందుకే.”

ఇందులో ఆసక్తి అన్న మాటే లేదు. అయినా ఆసక్తి కనిపిస్తోంది. లెక్క ఉంది, ఓటమి ఉంది, ఆ ఓటమి నుంచి కోర్సు దాకా దారి ఉంది. ముఖ్యంగా ఆ చివరి రెండు వాక్యాల వల్ల ఈ కోర్సే ఎందుకు అన్న ప్రశ్న మళ్లీ అడగనక్కర్లేదు. మీ వ్యాసంలో అలాంటి మలుపు ఎక్కడుందో వెతకండి. నేను ఇన్నాళ్లూ చేసిన పని ఒక చోట ఆగిపోయింది, ఈ చదువు లేకుండా అది ముందుకు కదలదు అని చెప్పగలిగిన చోటే మీ వ్యాసానికి నడిబొడ్డు. యూనివర్సిటీ చరిత్రను, దాని ర్యాంకును వాళ్లకే వినిపించే పేరా ఏదైనా ఉంటే నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. దాని బదులు ఏ పేపర్లు, ఏ అధ్యాపకుల పని, ఏ ల్యాబ్ మీకు అవసరమో, ఎందుకో రాయండి.

భవిష్యత్తు గురించి రాసేటప్పుడు రెండు దూరాలు చూపండి. చదువయ్యాక మొదటి రెండేళ్లు: ఏ రకం సంస్థ, ఏ పని. ఆ తరవాత పదేళ్లు: ఏ మార్పు. మొదటిది లేకుండా రెండోది రాస్తే నేల విడిచిన సాములా ఉంటుంది.

పదాల పరిమితి 300 అంటే అందులో ఏం పడుతుంది?

ఒకే ఒక్క సంఘటన. పరిస్థితికి 50 పదాలు, మీరు చేసినదానికి 150, ఫలితానికి 50, అది ఈ స్కాలర్‌షిప్పుతో ఎలా ముడిపడుతుందో చెప్పడానికి 50. ఎక్కువమంది ఈ నిష్పత్తిని తలకిందులు చేసి పరిస్థితికే 150 పదాలు ఖర్చుపెడతారు. చివరికి మీరేం చేశారో చెప్పడానికి చోటే మిగలదు. ‘మేము’ అన్న ప్రతిచోటా ఆగి, అందులో నేను చేసిందేమిటి అని మిమ్మల్ని మీరే అడగండి.

పరిమితి అక్షరాల్లో ఉంటే జాగ్రత్త. ఖాళీలు కూడా లెక్కే. కొన్ని పోర్టళ్లు పేరాల మధ్య ఎంటర్‌ను రెండు అక్షరాలుగా లెక్కిస్తాయి. వర్డ్ ఫైల్లో సరిపోయింది పోర్టల్‌లో అతికించగానే చివరి వాక్యం తెగిపోవడానికి ఎక్కువగా కారణం ఇదే. ముందుగానే అతికించి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చివరి వాక్యం దాకా చదవండి.

జీవితంలో పడ్డ కష్టాలు రాయాలా?

రాయాలన్న నిబంధన ఏమీ లేదు. రాస్తే కష్టానికి మూడో వంతు చోటు, ఆ తరవాత మీరు తీసుకున్న నిర్ణయాలకు మిగతాది. చదివినవాళ్లకు జాలి కలిగి ఊరుకుంటే వ్యాసం పని చేయలేదన్నమాట. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే స్థిమితంగా మాట్లాడలేని విషయం కాగితం మీద పెట్టకండి.

నాకు ఏ పదవీ లేదు. నాయకత్వం గురించి ఏం రాయను?

పదవి ఉన్నవాళ్లకన్నా మీకే కొంత సుళువు. ‘అధ్యక్షుడిగా పనిచేశాను’ అన్న మాటకు ఆనుకుని కూర్చునే అవకాశం మీకు లేదు కాబట్టి జరిగిందేమిటో చెప్పి తీరాలి. ఒక పని ఆగిపోయి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు, మీరు ముట్టుకున్నారు, ఇంకొందరిని కలుపుకున్నారు, ఇంతకుముందుకూ ఇప్పటికీ ఇదీ తేడా: ఇది చాలు. మీరు వెళ్లిపోయాక కూడా ఆ పని నడుస్తోందా? నడుస్తుంటే ఆ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి.

రికమెండేషన్ లెటర్లు ఎవరిని అడగాలి?

మీ పనిని దగ్గరగా చూసినవాళ్లను. పెద్ద హోదాలో ఉండి మీ పేరు కూడా గుర్తులేని మనిషి రాసే లెటర్ సత్ప్రవర్తన సర్టిఫికెట్‌లా తయారవుతుంది: క్రమశిక్షణ గలవాడు, వినయశీలి, క్లాసుకు సక్రమంగా వచ్చేవాడు. పోటీ తీవ్రంగా ఉన్నచోట ఇలాంటి లెటర్ ఏమీ చెప్పకపోవడం కన్నా హీనం. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదా అనుకుంటారు. మీ థీసిస్ గైడ్, మీతో పనిచేసిన అసిస్టెంట్ ప్రొఫెసర్, ఉద్యోగంలో మీ పైఅధికారి వీళ్ల లెటర్లే నిలుస్తాయి. “గత పదేళ్లలో నేను చూసినవాళ్లలో మొదటి ముగ్గురిలో ఒకరు, ఎందుకంటే...” అని పోల్చి, కారణం చూపగలిగే మనిషి కావాలి.

అడిగేటప్పుడు వాళ్లకు తప్పుకునే దారి ఉంచండి. “ఈ స్కాలర్‌షిప్‌కి మీరు నా గురించి బలంగా రాయగలరంటారా అండీ? వీలు కాకపోతే ఏమీ అనుకోను” అంటే చాలు. తటపటాయించారా, ధన్యవాదాలు చెప్పి ఇంకొకరిని వెతుక్కోండి.

ఒప్పుకున్నాక అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఒక ఫైలు పంపాలి. మొదటి పేజీలో స్కాలర్‌షిప్ పేరు, గడువు ఏ టైమ్‌జోన్‌లో ఉందో సహా, లెటర్ ఎలా సమర్పించాలి, పోర్టల్ నుంచి వచ్చే ఈమెయిల్ ఏ పేరుతో వస్తుంది. రెండో పేజీలో సెలెక్షన్ ప్రమాణాలు ఉన్నవి ఉన్నట్టుగా, వాటి కింద ఆ రెఫరీ స్వయంగా చూసిన మూడు నాలుగు సంఘటనలు తేదీలతో. దీనికి సీవీ, ట్రాన్‌స్క్రిప్ట్, వ్యాసం చిత్తుప్రతి జత చేయండి. ముగ్గురికీ ఒకే ఫైలు పంపితే మూడు ఒకే రకం లెటర్లు వస్తాయి. ముందు గీసిన పట్టికను బట్టి ఒకరికి పరిశోధన, ఒకరికి నాయకత్వం, ఒకరికి సేవ అని సంఘటనలు పంచండి.

గడువుకు రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి గుర్తుచేయండి. పోర్టల్ లింకు స్పామ్‌లో పడటం మామూలే. వ్యక్తిగత ఈమెయిల్ కాకుండా సంస్థ ఈమెయిల్ ఇవ్వమని చాలా పోర్టళ్లు అడుగుతాయి. రెఫరీ రిటైరైతే ఏ ఐడీ వాడతారో ముందే కనుక్కోండి. లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని ఫారంలో ఉంటే వదులుకోవడమే మంచిది, అప్పుడే ఆ లెటర్‌కు విలువ.

రెఫరీ “నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను” అంటే?

రాయొద్దు. నైతికత సంగతి అలా ఉంచినా, మీ వ్యాసంలోని నుడికారమే లెటర్‌లోనూ ఉంటే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. “సార్, లెటర్ నేను రాయకూడదని నియమం ఉందండీ. మీకు సులువుగా ఉండేలా పాయింట్లు రాసిస్తాను” అని పైన చెప్పిన ఫైలు ఇవ్వండి. తొంభై శాతం పని అక్కడే అయిపోయినట్టు వాళ్లకూ అనిపిస్తుంది.

సీవీ ఎన్ని పేజీలు?

పరిమితి చెప్పకపోతే రెండు. హైస్కూలు బహుమతులు తీసేయండి. ప్రతి పనికీ ఏం చేశారు, ఎంత, ఎవరికి ఉపయోగపడింది అన్నది ఒకటి రెండు లైన్లలో. చేసినవన్నీ ఏకరువు పెట్టడం కన్నా ముఖ్యమైన ఆరింటికి చోటివ్వడం మేలు.

సూపర్‌వైజర్‌కి ముందుగా ఈమెయిల్ పెట్టాలా?

పీహెచ్‌డీకైతే దాదాపు ఎప్పుడూ అవును. కోర్సు రూపంలోని మాస్టర్స్‌కు అక్కర్లేదు. ఈమెయిల్ 150 నుంచి 200 పదాలు దాటకూడదు: మీరెవరు, వాళ్ల పనిలో మీరు నిజంగా చదివింది ఏది, మీ ప్రశ్న ఏమిటి, విద్యార్థులను తీసుకుంటున్నారా. “రెస్పెక్టెడ్ సర్” అని మొదలుపెట్టి యాభైమందికి ఒకేసారి పంపిన మెయిల్‌ను గుర్తుపట్టడం వాళ్లకు కష్టమేమీ కాదు. పరిశోధన ప్రపోజల్‌లో మూడేళ్లలో అయ్యే ప్రశ్న ఒకటి పెట్టండి. ముప్ఫై ఏళ్లు పట్టే ప్రశ్న చూస్తే ఉత్సాహం కన్నా అనుభవలేమి ఎక్కువ కనిపిస్తుంది.

వ్యాసాన్ని ఇంకొకరితో దిద్దించుకోవచ్చా? ఏఐ వాడొచ్చా?

నిబంధన చదివి నిర్ణయించుకోండి. రోడ్స్ పర్సనల్ స్టేట్‌మెంట్ పూర్తిగా సొంతంగా రాసిందేనని, ఎవరూ దిద్దలేదని అభ్యర్థి హామీ ఇవ్వాలి. అలాంటిచోట ఒక్క వాక్యం కూడా ఇంకొకరిది ఉండకూడదు. నిషేధం లేనిచోట కూడా ఇద్దరికి మించి చూపించకండి: మీ సబ్జెక్టు తెలిసినవాళ్లు ఒకరు, అసలు తెలియనివాళ్లు ఒకరు. ఎలా ఉంది అని అడిగితే బాగుంది అంటారు. చదివాక నా గురించి మీకేం గుర్తుంది అని అడగండి. ఇక ఏఐ చేత రాయించిన వ్యాసానికి ఉన్న అసలు ఇబ్బంది దొరికిపోవడం ఒక్కటే కాదు. పైన ఇచ్చిన బావుల ఉదాహరణలాంటి వివరం దానికి తెలియదు. తెలియనిచోట అందమైన మాటలతో పూడ్చేస్తుంది. ఇంటర్వ్యూలో ఆ మాటలకు జవాబు చెప్పాల్సింది మీరు.

సమర్పించేటప్పుడు ఏం తప్పులు జరుగుతాయి?

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉండటం. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, తేడాకు వివరణ జతచేయండి. ట్రాన్‌స్క్రిప్టు ఫోన్‌తో తీసిన ఫోటో నీడతో సహా అప్‌లోడ్ చేయడం. ఒక యూనివర్సిటీ పేరున్న వ్యాసం ఇంకో యూనివర్సిటీకి వెళ్లడం, ఇది మీరనుకునేదానికన్నా మామూలు.

టైమ్‌జోన్ మరీ మోసం చేస్తుంది. బ్రిటన్‌లో గడియారాలు అక్టోబరు చివరి ఆదివారం, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి వెళ్తాయి. ఆ రోజుల చుట్టూ గడువు ఉంటే మీ లెక్క గంట తప్పుతుంది. గడువు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) చెబితే మాత్రం మారదు. గడువుకు 48 గంటల ముందే పంపేయండి, చివరి గంటలో పోర్టల్ మొరాయిస్తే మొరపెట్టుకోవడానికి కూడా ఎవరూ ఉండరు.

ఇంటర్వ్యూకి ఎలా సిద్ధం కావాలి?

మీ దరఖాస్తును ఒక వైరి చదివినట్టు చదవండి. ప్రతి వాక్యం పక్కన “నిజమా? ఎలా తెలుసు? అయితే ఏంటి?” అని రాసి జవాబులు సిద్ధం చేసుకోండి. ప్యానెల్‌లో మీ సబ్జెక్టు తెలియని మనిషి ఉండొచ్చు కాబట్టి మీ పనిని రెండు నిమిషాల్లో, ఒక్క సాంకేతిక పదం లేకుండా చెప్పడం సాధన చేయండి. నమూనా ఇంటర్వ్యూలు మూడు చాలు, పది చేస్తే జవాబులు బట్టీ పట్టినట్టు వినిపిస్తాయి.

మీ అభిప్రాయానికి ఎదురు వాదించి ఎంతవరకు నిలబడతారో చూస్తారు. వెంటనే మెత్తబడటం, మొండికేయడం రెండూ చేటే. “ఆ కోణం నేను ఆలోచించలేదు. అది నిజమైతే నా ప్రణాళికలో ఫలానాది మారాలి” అనగలిగితే అదే వాళ్లు వెతుకుతున్న జవాబు కావచ్చు. తెలియకపోతే తెలియదనండి. ఆన్‌లైన్ అయితే కెమెరాను కంటి ఎత్తులో పెట్టండి, వెలుతురు ముఖం మీద పడాలి, ఫోన్‌లో ఇంకో ఇంటర్నెట్ సిద్ధంగా ఉంచండి.

రాకపోతే మళ్లీ పెట్టుకోవచ్చా?

చాలావాటికి పెట్టుకోవచ్చు, వయసు, డిగ్రీ తేదీ పరిమితులు అడ్డురాకపోతే. ఫలితం వచ్చిన వారంలోనే, మనసు మండుతున్నా సరే, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నీ రాసిపెట్టుకోండి. ఏడాది తరవాత గుర్తుండవు. షార్ట్‌లిస్ట్ దాకా వెళ్లి ఆగితే కాగితాలు బాగున్నాయి, మాట మీద పని చేయాలి. షార్ట్‌లిస్టే కాకపోతే పట్టికలో ఖాళీ గడులున్నాయి. ఆ ఏడాదిలో ఆ గడుల్లో ఒక్కటైనా నింపే పని చేయండి, పాత వ్యాసాన్ని మాత్రం దిద్దకుండా తెల్లకాగితం మీద మళ్లీ మొదలుపెట్టండి. రెఫరీలకు ఫలితం మీరే చెప్పండి, వచ్చే ఏడాది మళ్లీ వాళ్ల తలుపే తట్టాలి.